డెకాల్ ఏ సైజులో తీసుకోవాలి? మగ్గు, గ్లాసు, టీషర్టు... దేని లెక్క దానిదే

పేర్లు వేసిన వస్తువులు చేత్తో తయారుచేసి ఇచ్చేవాళ్లందరూ ఒకచోట ఆగిపోతారు. డిజైన్ కుదిరింది, రంగులు కుదిరాయి, ఫాంట్ కూడా ఖాయమైంది, తీరా డెకాల్ (వస్తువు మీద అంటించే డిజైన్ ముక్క) ఆర్డర్ పెట్టబోతే 2 అంగుళాలా, 3 అంగుళాలా, 4 అంగుళాలా అని అడుగుతారు. చాలామంది మధ్యలో ఉన్నది తీసుకుని ముందుకు పోతారు. నేనూ మొదట్లో ఆరు మగ్గులకు ఒకేసారి 11 సెం.మీ. వెడల్పు డెకాల్స్ తెచ్చి వేశాను. బల్ల మీద పరిచి చూసినప్పుడు ఎంత బాగున్నాయో చెప్పలేను, మగ్గుకు అంటించాక ఎదురుగా పెట్టి చూస్తే పేరులో మొదటి అక్షరం ఈ పక్కకు, చివరి అక్షరం ఆ పక్కకు తిరిగిపోయి మధ్యలో రెండు అక్షరాలే కనిపించాయి. ఆరూ మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. సైజు చెప్పాల్సింది వస్తువే. దాని మీద ఎదురుగా కనిపించే చోటు ఎంతుందో ముందు కొలిచి, ఆ చోట్లో డిజైన్‌ను కూర్చోబెట్టాలి. కింద చెప్పేవన్నీ ఆ చోటు ఎలా కొలవాలి, రెండు మూడు సైజుల మధ్య తేల్చుకోలేనప్పుడు ఏది తీసుకోవాలి అనే దాని గురించే.

ముందు ఒక కాగితం ముక్క

కొలతలన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇది. మీరు అనుకుంటున్న రెండు మూడు సైజుల్లో మామూలు కాగితం ముక్కలు కత్తిరించండి, డిజైన్ ప్రింట్ తీసి కత్తిరిస్తే ఇంకా మంచిది. వాటిని ఒక్కొక్కటిగా వస్తువుకు టేపుతో అంటించి, ఆ వస్తువును మనుషులు మామూలుగా ఎంత దూరం నుంచి చూస్తారో అంత దూరం నుంచి చూడండి. కీచైన్ అయితే చేతిలో పట్టుకుని, గోడకు తగిలించే పలక అయితే గదికి అవతలి వైపు నిలబడి. ఫోన్‌తో ఫొటో కూడా తీయండి, ఎందుకంటే కంటికి సరిపోయినట్టు అనిపించిన సైజు ఫొటోలో పెద్దగానో చిన్నగానో ఉందని వెంటనే తెలిసిపోతుంది. ఇదంతా ఐదు నిమిషాల పని, చాలాసార్లు దీనితోనే సైజు తేలిపోతుంది.

గుండ్రంగా ఉండే వస్తువులకు మాత్రం కంటి అంచనా చాలదు, చుట్టుకొలత కావాలి. దారం చుట్టి స్కేలు మీద పెట్టి కొలవచ్చు, లేదంటే అడ్డంగా కొలిచిన వ్యాసాన్ని 3.14తో గుణించవచ్చు. వచ్చిన చుట్టుకొలతలో మూడో వంతు ఎంతో అదే మీ గరిష్ఠ వెడల్పు అనుకోండి. ఎదురుగా నిలబడితే నిజానికి సగం చుట్టు కంటికి ఆనుతుంది గానీ, అంచుల దగ్గర అక్షరాలు బాగా నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి, చదవడం కష్టం. మూడో వంతులో ఉన్నదైతే వస్తువును తిప్పకుండానే చదవగలం.

మగ్గు: నాలుగు ఎంపికలు

ఎక్కువగా వాడే 11 ఔన్సుల తెల్ల మగ్గు సుమారు 9.5 సెం.మీ. ఎత్తు, 8.2 సెం.మీ. వ్యాసం ఉంటుంది, అంటే చుట్టుకొలత 25.7 సెం.మీ. అందులో మూడో వంతు 8.5. చేతిపిడికి రెండు పక్కలా కాస్త చోటు వదిలేస్తే డిజైన్‌కు మిగిలేది 20 సెం.మీ. పొడవు పట్టీ. పైన అంచు నుంచి కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ వదలాలి, తాగేటప్పుడు పెదవి తగిలే చోట డెకాల్ ఉండకూడదు కాబట్టి నేనైతే ఒకటిన్నర వదులుతాను. అడుగున కూడా మగ్గు లోపలికి వంగే చోటుకు పైనే ఆపాలి. అలా చూస్తే ఎత్తు 7 దాటడం అనవసరం.

ఈ లెక్కలో 4, 5 సెం.మీ. డెకాల్ ఒక్క అక్షరానికో చిన్న బొమ్మకో బాగుంటుంది, పూర్తి పేరుకు చాలదు. పొడుగు పేరును 5 సెం.మీ.లో ఇరికిస్తే దూరం నుంచి అదొక గీతలా కనిపిస్తుంది. 7 నుంచి 7.5 వెడల్పు మగ్గుకు అన్నిటికంటే నమ్మకమైన సైజు, పేరు, దాని పక్కన ఒక పువ్వు, కింద తేదీ అన్నీ చక్కగా కూర్చుంటాయి, ఎదురుగా చూస్తే ఏదీ తెగిపోదు. 8.5 ఆఖరి హద్దు, అదీ డిజైన్ అంచుల్లో ఆకులూ తీగలూ ఉండి, చదవాల్సిన అక్షరాలు మధ్యలో ఉన్నప్పుడే. ఇక చుట్టూ వచ్చే 20 సెం.మీ. ర్యాప్ వేరే జాతి, చిన్న పూలు, చుక్కలు, వరసగా ఫొటోలు లాంటివి అయితేనే దానికి అందం. ఒకే పేరును 20 సెం.మీ. పొడవున సాగదీస్తే ఎవరికీ పూర్తిగా కనిపించదు.

ఒకటి గుర్తుంచుకోండి, కుడిచేత్తో మగ్గు పట్టుకునే మనిషికి కనిపించే వైపు ఒకటి, ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనిపించే వైపు ఇంకొకటి. బహుమతి తీసుకున్న మనిషి తన పేరు తాను చూసుకోవాలంటే పిడి కుడివైపుకు ఉన్నప్పుడు కనిపించే వైపున వేయాలి. నా సలహా అయితే 7 సెం.మీ. డెకాల్‌ను రెండు వైపులా వేయమనే, 14 సెం.మీ. పోయినా మధ్యలో ఖాళీ ఉంటుంది, ఒక్క పెద్ద డెకాల్ కంటే ఇదే బాగుంటుంది.

15 ఔన్సుల మగ్గు పెద్దదని డెకాల్ కూడా పెద్దది తీసుకునేవాళ్లు ఉన్నారు. ఆ మగ్గు ఎత్తు 11.5 సెం.మీ. దాకా పెరుగుతుంది గానీ వ్యాసం 8.5 దగ్గరే ఉంటుంది. కాబట్టి వెడల్పు అదే 7, 7.5 ఉంచి ఎత్తు మాత్రం పెంచుకోండి. 20 ఔన్సుల సన్నటి టంబ్లర్ సంగతి ఇంకా ఆశ్చర్యం, చూడ్డానికి చాలా పెద్దది, 20 సెం.మీ. ఎత్తు ఉంటుంది, చుట్టుకొలత మాత్రం 23.5 సెం.మీ.కి కాస్త అటూ ఇటూ, మగ్గు కంటే తక్కువ. అడ్డంగా పేరు వేస్తే 7 మించకూడదు. దానికి పేరును నిలువుగా తిప్పి వేయడమే సరైన పని, అప్పుడు 12 నుంచి 15 సెం.మీ. పొడవు దాకా పోవచ్చు. ఇంగ్లిష్ పేర్లను ఒక అక్షరం కింద ఒక అక్షరం పేర్చినట్టు తెలుగు పేర్లను పేర్చకండి, పై అక్షరం వత్తు కింది అక్షరం గుడిలోకి వచ్చి గందరగోళం అవుతుంది. మొత్తం పేరును ఒక పక్కకు తిప్పి వేయండి.

పైన వెడల్పు, కింద సన్నం ఉండే గ్లాసులు

వీటి దగ్గర సైజు తప్పితే దాచుకోవడానికి వీలుండదు. తిన్నగా ఉన్న డెకాల్‌ను ఇలాంటి గ్లాసుకు అంటిస్తే మధ్యలో సరిగ్గానే ఉంటుంది, రెండు చివర్లూ మాత్రం పైకి లేచి పోతాయి, గీత మొత్తం నవ్వుతున్న పెదవిలా వంగిపోతుంది. ఎంత లేస్తుందో లెక్క వేసి చూడొచ్చు. పైన వ్యాసం 9, అడుగున 6, ఎత్తు 12 సెం.మీ. ఉన్న గ్లాసు తీసుకుందాం. 6 సెం.మీ. వెడల్పు డెకాల్ వేస్తే చివర్లు ఒకటిన్నర మిల్లీమీటరు లేస్తాయి, ఎవరి కంటికీ పట్టదు. అదే డెకాల్‌ను 12 సెం.మీ. చేస్తే లేచేది 6 మిల్లీమీటర్లు. వెడల్పు రెండింతలైతే వంపు నాలుగింతలు అవుతుంది, అందుకే ఈ గ్లాసుల మీద ఒక్క సెంటీమీటరు పెంచడం కూడా ఆలోచించి చేయాలి.

కాబట్టి ఇక్కడ రెండే దారులు. 6 సెం.మీ. లోపు ఉంచుకుని తిన్నటి డెకాల్ వేయడం, లేదా పెద్దది కావాలంటే ఆ గ్లాసు వంపుకు తగ్గట్టు డిజైన్‌ను ముందే వంచి ప్రింట్ చేయించడం. రెండో దానికి గ్లాసు చుట్టూ కాగితం చుట్టి, పై అంచూ కింది అంచూ పెన్సిల్‌తో గీసి, విప్పి చూస్తే విసనకర్ర ఆకారం వస్తుంది, డిజైన్‌ను ఆ ఆకారంలో వంచాలి. చేయగలిగితే ఫలితం బాగుంటుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మాత్రం చిన్న సైజే చెబుతాను.

బంతిలా అన్ని వైపులా గుండ్రంగా ఉండే అలంకారాలు ఇంకా కష్టం. చదునుగా ఉన్న ఫిల్మ్ బంతి మీద ముడత పడకుండా కూర్చోవడం జరగని పని, ఎంత చిన్నదైతే ముడత అంత తక్కువ, అంతే. 8 సెం.మీ. బంతి మీద 2.5 సెం.మీ. గుండ్రటి డెకాల్ వేస్తే దాని అంచు చుట్టూ అదనంగా మిగిలే ఫిల్మ్ 1.3 మిల్లీమీటర్లు, వేలితో నొక్కితే సర్దుకుంటుంది. 4 సెం.మీ. డెకాల్ అయితే 5 మిల్లీమీటర్లు మిగులుతుంది, అది ముడతలుగానే తేలుతుంది. అందుకని బంతి వ్యాసంలో మూడో వంతు దాటకండి. పేరు పొడుగ్గా ఉంటే అక్షరాల ఎత్తు తగ్గించి సన్నటి పట్టీలా చేయండి, పట్టీ బంతి నడుము చుట్టూ తేలిగ్గా వంగుతుంది. అంత కంటే పెద్దది కావాల్సిందే అని అడిగితే ఒక్క ముక్కగా కాకుండా అక్షరం అక్షరంగా విడదీసి అంటించండి.

పేరు తెలుగులో అయితే

సైజుల పట్టికలన్నీ ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసినవే. తెలుగు పేరుకు అవి సరిపోవు, ఎందుకంటే మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు ఉంటాయి. 2 సెం.మీ. ఎత్తు డెకాల్‌లో ఇంగ్లిష్ పెద్దక్షరాలు 2 సెం.మీ. ఎత్తూ వాడుకుంటాయి. అదే ఎత్తులో ‘స్ఫూర్తి’ అని వేస్తే పైనా కిందా పోగా అసలు అక్షరానికి సగం ఎత్తే మిగలొచ్చు. ఇంగ్లిష్‌లో 1.5 సెం.మీ. ఎత్తు సరిపోయిన చోట వత్తులున్న తెలుగు పేరుకు 2.5 నుంచి 3 సెం.మీ. అడగండి.

ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు మగ్గులు చేస్తున్నప్పుడు ఈ తేడా బాగా బయటపడుతుంది. రమ, జ్యోత్స్న, సీత, విష్ణు అనుకోండి. నాలుగింటికీ ఒకే వెడల్పు 7 సెం.మీ. పెడితే ‘రమ’ రెండు అక్షరాలే కాబట్టి మగ్గంతా పరుచుకుంటుంది, ‘జ్యోత్స్న’ నలిగి చిన్నదవుతుంది. నాలుగింటికీ ఒకే మొత్తం ఎత్తు పెట్టినా తప్పే, వత్తులు లేని రమ మళ్లీ లావుగా, వత్తుల మీద వత్తులున్న జ్యోత్స్న మళ్లీ సన్నగా. సరిగ్గా చేయాలంటే నాలుగు పేర్లనూ ఒకే ఫాంట్, ఒకే ఫాంట్ సైజులో టైప్ చేసి, అందులో అన్నిటికంటే వెడల్పైన పేరు 7.5 దాటకుండా చూసుకుని, ఆ కొలతతోనే నాలుగూ కత్తిరించాలి. వెడల్పులు, ఎత్తులు వేరు వేరుగా వస్తాయి, రానివ్వండి. పక్కపక్కన పెట్టినప్పుడు నాలుగూ ఒకే చేతిరాతలా కనిపిస్తాయి. ఒక్క పేరు మరీ పొడుగై మిగతా వాటిని చిన్నవి చేసేస్తుంటే, ఆ ఒక్కదాన్ని రెండు వరసల్లో వేయొచ్చా, ఇంట్లో పిలిచే పొట్టి పేరు వేయొచ్చా అని ముందే అడగండి.

వినైల్ (వెనక జిగురుండే రంగు ప్లాస్టిక్ షీటు) కటింగ్ అయితే ఇంకో చిక్కు. ప, ష, స మీద తలకట్టు చాలా ఫాంట్లలో అక్షరానికి తగలకుండా విడిగా ఉంటుంది. థ, ఠ కడుపులో చుక్క, ధ, ఫ కింద చిన్న గీత కూడా విడి ముక్కలే. అక్షరం మరీ చిన్నదైతే, అక్కర్లేని వినైల్ పీకేటప్పుడు ఇవి కూడా లేచి వచ్చేస్తాయి. చుక్క పోయిన ‘ఠ’ను ఎవరైనా ‘ర’ అనే చదువుతారు, గీత పోతే ‘ధ’ ‘ద’ అవుతుంది, ఒక మనిషి పేరే మారిపోతుంది. పేరు వేసి ఇచ్చే పనిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదని నా నమ్మకం. అందుకే ఆర్డర్ ఖాయం చేసే ముందు డిజైన్‌లో అన్నిటికంటే చిన్న చుక్క, అన్నిటికంటే సన్నటి గీత ఎంతున్నాయో కొలవండి. ఒక మిల్లీమీటరు కంటే తక్కువ ఉంటే సైజు పెంచండి, లేదా లావు ఫాంట్‌కు మారండి. రెండూ కుదరకపోతే వినైల్ వదిలేసి ప్రింట్ అయ్యే డెకాల్‌కు వెళ్లండి.

ఏ రకానికి ఏ సైజు

దీన్ని బట్టి చూస్తే సైజు, డెకాల్ రకం ఒకేసారి తేల్చుకోవాల్సినవి. కత్తిరించే వినైల్‌కు కింది హద్దు ఉంది, పై హద్దు దాదాపు లేదు. ఇంగ్లిష్ అక్షరమే 6, 7 మిల్లీమీటర్ల కంటే తగ్గితే పీకడం నరకం, మనదైతే వత్తు కూడా అంత ఉండాలి. పెద్దవి మాత్రం హాయిగా వస్తాయి. ఇళ్లలో వాడే కటింగ్ మెషిన్ల మ్యాట్ ఎక్కువగా 12 అంగుళాల చదరం, అందులో కోతకు పనికొచ్చేది పదకొండున్నర, అంటే 29 సెం.మీ. దాకా ఒక్క ముక్కలో చేయొచ్చు. చదునైన చెక్క పలక, అద్దం, పెట్టె మూత లాంటి వాటికి పెద్ద సైజుల్లో నేను వినైల్ తప్ప వేరేది వాడను.

నీళ్లలో నానబెట్టి జార్చే డెకాల్ దీనికి సరిగ్గా తలకిందులు. పీకే పని లేదు కాబట్టి చిన్న చిన్న అక్షరాలు, సన్నటి గీతలు, ఫొటోలు అన్నీ వస్తాయి, 2 సెం.మీ. సైజులో కూడా వివరం పోదు. పెద్దదైతేనే ఇబ్బంది, తడి ఫిల్మ్ పల్చగా ఉంటుంది, 10, 12 సెం.మీ. దాటితే ఒక్క చేతి మీద మడత పడకుండా జార్చడం కష్టం, పడిన మడత విప్పబోతే చిరుగుతుంది. మీ డిజైన్ 15 సెం.మీ. ఉంటే మధ్యలో ఖాళీ ఉన్న చోట రెండు ముక్కలుగా చేసుకోండి. డిజైన్ చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల అంచు మిగుల్చుతూ కత్తిరించాలి, కాబట్టి వస్తువు మీద చోటు కొలిచేటప్పుడు ఆ అంచునూ కలుపుకోండి. ముదురు రంగు వస్తువు మీదైతే తెల్ల ఫిల్మ్ తప్పదు, మామూలు ప్రింటర్‌లో తెల్ల రంగు సిరా ఉండదు, పారదర్శక ఫిల్మ్ మీద రంగులు నల్లటి మగ్గులో కలిసిపోతాయి. తెల్ల ఫిల్మ్ అంచు కనిపిస్తుంది గనుక దానికి గుండ్రం, పలక లాంటి తేలికైన ఆకారం ఇచ్చి కాస్త పెద్ద సైజు తీసుకోవడం మేలు.

యూవీ డీటీఎఫ్ డెకాల్ (యూవీ కాంతితో ఆరే సిరాతో ఫిల్మ్ మీద ప్రింటై వచ్చే స్టిక్కర్) అంటించడం తేలిక, నీళ్లూ వేడీ అక్కర్లేదు, రంగులు మెరుస్తాయి. ఒకసారి అంటుకుంటే మళ్లీ లేపి సరిచేయడం కుదరదు, పైగా అది సాగదు. అందుకే ముందు 5 నుంచి 8 సెం.మీ. వాటితో చేయి కుదుర్చుకుని తర్వాతే పెద్ద ర్యాప్‌లకు వెళ్లండి. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గ్లాసులకు పెద్ద యూవీ డీటీఎఫ్ వద్దు.

సబ్లిమేషన్ (కాగితం మీది రంగును వేడితో వస్తువులోకి ఎక్కించే పద్ధతి) ఒక్కదానికి లెక్క తిరగబడుతుంది. కోస్టర్, కీచైన్, పలక లాంటి చదును వస్తువు అంచు దాకా రంగు రావాలంటే ప్రింట్‌ను వస్తువు కంటే అన్ని వైపులా 3 మిల్లీమీటర్లు పెద్దది తీసుకోవాలి. 9 సెం.మీ. కోస్టర్‌కు 9 సెం.మీ. ప్రింట్ తీస్తే, పెట్టేటప్పుడు జుట్టు మందం పక్కకు జరిగినా ఒక అంచున తెల్ల గీత మిగిలిపోతుంది.

మట్టితో స్వయంగా కప్పులు చేసేవాళ్లకు ఒక మాట. గ్లేజ్ (గాజులా మెరిసే పూత) కాల్చడం అయిపోయిన కప్పు మీద సిరామిక్ డెకాల్ వేసి మళ్లీ కాలుస్తుంటే కప్పు ఇక కుదించుకోదు, ఉన్న కొలతకే డెకాల్ తీసుకోండి. పచ్చి మట్టి మీద అండర్‌గ్లేజ్ ట్రాన్స్‌ఫర్ (గ్లేజ్ కింద ఉండే రంగుతో అచ్చు వేసిన కాగితం) వేస్తుంటే మట్టితో పాటు డిజైన్ కూడా కుదించుకుపోతుంది. మీ మట్టి మొత్తం 12 శాతం తగ్గుతుందనుకుంటే, చివరికి 5 సెం.మీ. కావాలంటే 5ను 0.88తో భాగించాలి, అంటే 5.7 సెం.మీ. ట్రాన్స్‌ఫర్ వేయాలి. మెత్తటి మట్టి దశలో వేశారా, ఆరాక వేశారా అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది, ఒక చిన్న పలక మీద గీత గీసి కాల్చి చూస్తే మీ మట్టి లెక్క మీకు తెలుస్తుంది.

బట్టల మీద

ఇక్కడ చిన్నదానికంటే పెద్దదే నయం. మగ్గు మీద రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నది తీసుకోమంటాను, టీషర్టు మీద వస్తే పెద్దది. పెద్దవాళ్ల టీషర్టు ముందు భాగానికి షర్టు సైజును బట్టి 24 నుంచి 29 సెం.మీ. వెడల్పు, స్కూలు పిల్లలకు 18 నుంచి 22, రెండు మూడేళ్ల పిల్లలకు 13 నుంచి 15, పసిపాపల బట్టలకు 10 నుంచి 11. ఎడమ వైపు గుండె మీద చిన్న లోగోలా వేస్తే 8 నుంచి 10. పెద్దవాళ్లకు మెడ కుట్టు నుంచి 7, 8 సెం.మీ. కిందికి, పిల్లలకు 4, 5 కిందికి డిజైన్ మొదలవ్వాలి, ఇంకా కిందికి దింపితే డిజైన్ పొట్ట మీదకు పోతుంది.

ఒకే ఆర్డర్‌లో చిన్న సైజు నుంచి బాగా పెద్ద సైజు దాకా షర్టులు ఉంటే అన్నిటికీ ఒకే 28 సెం.మీ. వేయకండి. చిన్న షర్టు మీద అది మరీ పరుచుకుపోతుంది, పెద్ద షర్టు మీద మధ్యలో అంటించిన చీటీలా ఉంటుంది. రెండు సైజులు చేయండి, చిన్న షర్టులకు 24, పెద్ద వాటికి 29. రెండు చంక కుట్ల మధ్య దూరం కొలిచి అందులో మూడింట రెండు వంతుల లోపు ఉంచితే పొరపాటు రాదు. నిండుగా రంగు నిండిన పెద్ద చతురస్రం మాత్రం వద్దు, వేడితో అంటించే వినైల్ గాలి ఆడనివ్వదు, ఛాతీ మీద అట్టముక్కలా బిగుసుకుంటుంది. అదే వెడల్పులో మధ్య మధ్య ఖాళీలున్న డిజైన్ అయితే బట్టతో పాటు వంగుతుంది. హీట్ ప్రెస్ పలక సైజు కూడా చూసుకోండి, 38 సెం.మీ. పలక మీద 40 సెం.మీ. డిజైన్‌ను రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది, కలిసే చోట గుర్తు పడే ప్రమాదం ఉంది.

చేతి సంచికి 20 నుంచి 25 సెం.మీ. చాలు, పుస్తకాలు పెట్టగానే అడుగు భాగం మడత పడుతుంది కాబట్టి డిజైన్‌ను మధ్య కంటే కాస్త పైకి జరపండి.

చిన్న వస్తువులు

5 సెం.మీ. గుండ్రటి కీచైన్‌లో రంధ్రానికి, దాని చుట్టూ ఖాళీకి ఒక సెంటీమీటరు పోతుంది, అంచున 3 మిల్లీమీటర్లు వదలాలి. మిగిలేది సుమారు 3.5 సెం.మీ. మాత్రమే, అందులో పేరు ఒక్కటే వేయండి, తేదీ, కొటేషన్, బొమ్మ అన్నీ అడిగినా ఒప్పుకోకండి, వెనక వైపు ఉంది కదా. కొవ్వొత్తి గాజు సీసాకు మూడో వంతు లెక్కే, వ్యాసం 8 ఉంటే 8 సెం.మీ. వెడల్పు దాకా పోవచ్చు, నాకు 6 బాగుంటుంది. డెకాల్ సీసా బయటి వైపే ఉండాలి, మైనం మీద వద్దు, ఫిల్మ్ మంటకు దగ్గరైతే నిప్పంటుకుంటుంది. గోడ పలకలకు దూరం ముఖ్యం. 3 మీటర్ల నుంచి బాగా కనిపించాలంటే అక్షరం 2.5 సెం.మీ. ఎత్తు ఉండాలని బోర్డులు రాసేవాళ్లు వాడే లెక్క ఒకటుంది, తెలుగుకు ఆ 2.5ను వత్తు లేని అక్షరం ఎత్తుగా తీసుకోండి.

ఆర్డర్ పెట్టే ముందు

అమ్మేవాళ్లు ‘3 అంగుళాలు’ అన్నప్పుడు అది వెడల్పా, ఎత్తా, ఏది పొడుగైతే అదా అని అడగండి. ఎక్కువమంది పొడుగు వైపే చెబుతారు. నిలువు డిజైన్ అయితే 3 అంగుళాలంటే ఎత్తు అవుతుంది, వెడల్పు ఒకటిన్నరే ఉండొచ్చు. చుట్టూ ఉన్న ఖాళీ ఫిల్మ్‌ను కూడా కలిపి చెబుతున్నారా అనేది రెండో ప్రశ్న.

ఫొటో వేయాలంటే దానికి అంత సైజుకు సరిపడా వివరం ఉందో లేదో చూడాలి. శుభ్రంగా రావాలంటే 300 డీపీఐ కావాలి, అంటే ప్రతి సెంటీమీటరుకు 118 పిక్సెల్స్. 1000 పిక్సెల్స్ వెడల్పున్న ఫొటో 8.5 సెం.మీ. దాకా బాగుంటుంది, దాన్ని 25 సెం.మీ.కి సాగదీస్తే మసకబారుతుంది. మెసేజ్‌లో వచ్చే ఫొటోలు చాలాసార్లు కుదించి ఉంటాయి, అసలు ఫైల్ పంపమని అడగండి, లేదంటే సైజు తగ్గించుకోండి.

మీరే షీటు మీద ప్రింట్ తీసుకుంటుంటే ఏ4 కాగితం 21 × 29.7 సెం.మీ., అంచులు పోను 20 × 28.7 వాడుకోవచ్చు. 7.5 వెడల్పు, 6.8 ఎత్తు డెకాల్స్ ఇందులో వరసకు రెండే పడతాయి, మొత్తం ఎనిమిది. వెడల్పు 6.5కు తగ్గిస్తే వరసకు మూడు, మొత్తం పన్నెండు. మగ్గు మీద ఈ రెండు సైజుల తేడా చూసేవాళ్లకు పెద్దగా తెలియదు, కాబట్టి ఎక్కువ మగ్గులు చేసేటప్పుడు నేను 6.5 వైపే మొగ్గుతాను. అంతకంటే తగ్గించి ఇంకో వరస ఇరికించాలని చూడకండి, అక్కడి నుంచి అక్షరాలు దెబ్బతింటాయి. షీటు నిండకపోతే మిగిలిన ఖాళీలో అవే పేర్లు ఒక్కొక్కటి అదనంగా వేసి ఉంచుకోండి, ఒకటి చిరిగితే మళ్లీ షీటంతా ప్రింట్ తీయాల్సిన టెన్షన్ ఉండదు.

ప్రింట్ నొక్కేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ అనేది తీసేసి 100 శాతం పెట్టండి. అది ఉంటే ప్రింటర్ డిజైన్‌ను చెప్పకుండానే కాస్త కుదించేస్తుంది, ఇన్ని లెక్కలు వేసి ఖాయం చేసిన 7.5 కాస్తా 7.1 అయి బయటికి వస్తుంది. నేను ప్రతి షీటు మూలలో సరిగ్గా 5 సెం.మీ. గీత ఒకటి పెడతాను, మామూలు కాగితం మీద తీసి ఆ గీతను స్కేలుతో కొలిచి, 5 ఉంటేనే డెకాల్ పేపర్ పెడతాను. ఆ పరీక్ష కాగితాన్ని పారేయకుండా ముక్కలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఏ వస్తువుకు ఏ సైజు బాగుందో రాసి కవర్లో దాచుకుంటే, అదే మగ్గు, అదే గ్లాసు మళ్లీ ఆర్డర్ వచ్చినప్పుడు కొలిచే పని లేకుండా ఆ ముక్క తీసి అంటించి చూస్తే చాలు.